సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైంది, బడి ఖాళీ అయింది: హెడ్మాస్టర్ చేతిలో ఏముంది?

నడిగడ్డ_మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. గద్వాల జిల్లాలో ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఊరి పేరు వద్దు లెండి.

ఆగస్టు వచ్చిందంటే మా దగ్గర ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బెంచీలు ఖాళీ. సీడ్ పత్తి సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఇది మిల్లుకు పోయే పత్తి కాదు, విత్తనం కోసం పండించే హైబ్రిడ్ పత్తి. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గను గిల్లి, రెక్కలూ కేసరాలూ తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం పెడతారు. మరునాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెంపి, ఆ పుప్పొడిని గిల్లిన మొగ్గకు రుద్దుతారు. ప్రతి కాయకూ ఇదే తంతు. దసరా దాటేదాకా రోజూ ఉంటుంది. దీన్నే క్రాసింగ్ అంటాం.

అంటే పొద్దున ఒక పని, సాయంత్రం ఒక పని, మధ్యలో కొంచెం తీరిక. ఆ తీరికలో పిల్లలు బడికొచ్చి, అన్నం తిని, ఒక పీరియడ్ కూర్చుని మళ్లీ చేనుకు పోతారు. గుడ్డు పెట్టే రోజైతే ఇంకా నలుగురు ఎక్కువే కనిపిస్తారు. రిజిస్టర్ చూస్తే మాత్రం అందరూ హాజరే.

ఇళ్లకు పోయి అడిగితే ఒకటే జవాబు: "మా చేనే సార్, మా పిల్లే. ఇంటికి సాయం చేస్తే తప్పేముంది?" చట్టంలోనే అలా ఉందని ఒకాయన జిరాక్స్ కాగితం తెచ్చి చూపించాడు. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండి సీడ్ పత్తి వేయించే ఆర్గనైజర్ ఇచ్చాడట. ఇందులో నిజమెంత? హెడ్మాస్టర్‌గా నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

కందనూలు_వకీలు

మాస్టారూ, ఆ కాగితంలో సగమే ఉండి ఉంటుంది. మిగతా సగం నేను చెబుతా.

1986 నాటి బాల కార్మిక చట్టం కొన్ని పనుల్లోనే పిల్లల్ని పెట్టకూడదనేది. 2016 సవరణతో 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. 14 నుంచి 18 వరకు ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మినహాయింపులు రెండే. ఒకటి బాలనటులు, రెండోది ఇంటివాళ్లకు సాయం. ఈ రెండోదాన్నే మీ ఆర్గనైజర్ పట్టుకున్నాడు.

కానీ ఆ సాయానికి హద్దులున్నాయి. బడి అయిపోయాక గానీ, సెలవుల్లో గానీ చేయాలి. ప్రమాదకరమైన పని కాకూడదు. కుటుంబం అంటే ఎవరో కూడా చట్టమే చెప్పింది: తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్లు, తల్లి తరఫునా తండ్రి తరఫునా అమ్మానాన్నల తోబుట్టువులు. పక్క చేను ఆసామి అందులో లేడు. అడ్వాన్సు తీసుకుని వేరేవాళ్ల చేనుకు పంపితే అది సాయం కాదు, కూలి.

2017లో వచ్చిన రూల్స్ ఇంకా గట్టివి. ఇంటి పనైనా సరే, రాత్రి 7 నుంచి పొద్దున 8 మధ్య చేయించకూడదు. బడి వేళల్లో చేయించకూడదు. విశ్రాంతి పోను రోజుకు మూడు గంటలు మించకూడదు. చదువుకు అడ్డు రాకూడదు. మీరు చెప్పిన క్రాసింగ్ టైమింగ్‌ను వీటి పక్కన పెట్టి చూడండి, సొంత చేనైనా నిలబడదు.

ఇక మీ చేతిలో ఏముందంటే, అదే రూల్స్‌లో హెడ్మాస్టర్ గురించి ఒక మాట ఉంది. పిల్లలు చెప్పాపెట్టకుండా వరుసగా 30 రోజులు బడికి రాకపోతే, హెడ్మాస్టర్ ఆ సంగతి నోడల్ అధికారికి, అంటే జిల్లాలో ఈ చట్టం అమలు చూసే అధికారికి, తెలియజేయాలి. "తెలియజేయవచ్చు" కాదు, తెలియజేయాలి.

ఐజ_రైతు

వకీలు సాబ్, చట్టం బాగనే చెప్పిన్రు. ఇప్పుడు నా మాట కూడా వినండి.

నేను సీడ్ పత్తి వేస్తా. కంపెనీ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. నాకు తెలిసింది ఆర్గనైజరే. విత్తనం ఆయనే ఇస్తడు, మందులకు అప్పు ఆయనే ఇస్తడు, పంట ఆయనే తీసుకుంటడు. రేటు పంట వేసేటప్పుడే వాళ్లు అనుకుంటరు. గింజ జీవోటీ టెస్టులో, అంటే విత్తనం కల్తీ లేని రకమేనా అని పెంచి చూసే పరీక్షల, ఫెయిలైతే లాట్ మొత్తం వాపస్, నష్టం నాది. పైసలు చేతికొచ్చేసరికి మళ్లీ వానాకాలం వస్తది. క్రాసింగ్ రోజుల్లో ఊరందరికీ ఒకేసారి కూలోళ్లు కావాలె, పెద్దోళ్ల రేటు అమాంతం పెరుగుతది. మీ చట్టంలో కంపెనీ పేరు ఎక్కడన్న ఉన్నదా? పట్టుకుంటే నన్నే పట్టుకుంటరు.

పిల్లల్ని పెట్టుడు మంచిదని నేను అంటలేను. ఈసారి నేను ఆడకూలోళ్లనే పెట్టుకున్న. ఎకరం తక్కువ వేసిన. అందరూ తక్కువ వేయగలుగుతరా అని అడుగుతున్న.

మల్దకల్_నర్స్

రైతన్న మాటలో నిజముంది. కాకపోతే ఒక అబద్ధం ఊర్లో ఏళ్ల తరబడి తిరుగుతోంది, అది ఇక్కడితో ఆపుదాం. "చిన్న వేళ్లయితే మొగ్గ చితకదు, చెట్టు నడుం ఎత్తే ఉంటుంది కాబట్టి పిల్లలకు ఒంగే పని లేదు" అంటారు. నేను ఆరో తరగతి నుంచి ఆ పని చేసినదాన్ని. మొదటి రోజుల్లో మేం పాడుచేసినన్ని మొగ్గలు ఎవరూ పాడుచేసి ఉండరు. బొటనవేలి గోరుతో మొగ్గ చుట్టూ గాటు పెట్టి, ఒక్క తిప్పుతో రెక్కలతో సహా కేసరాలు ఊడొచ్చేలా లాగాలి. లోపలి కీలానికి గోరు తగిలిందా, ఆ మొగ్గ రాలిపోతుంది, ఆసామి తిడతాడు. నేర్చుకుంటే పెద్దోళ్లకూ వచ్చే పనే. పిల్లల్ని పెట్టుకునేది వేళ్ల కోసం కాదు. పిల్లలకు సగం కూలి ఇచ్చినా అడగరు, సాలు మధ్యలో కూర్చుని ముచ్చట్లు పెట్టరు, కోప్పడితే ఇంటికి పోరు.

గోరు చుట్టూ చర్మం నల్లబడి పగుళ్లు తేలేది. అన్నం కలిపితే మంట. మందు కొట్టిన మరునాడే అదే చేనులోకి దిగేవాళ్లం. తలనొప్పి, వాంతులు అయితే ఎండ దెబ్బ అనేవారు. ఇప్పుడు నర్సుగా చూస్తుంటే అది ఎండ దెబ్బ కాదని అర్థమవుతోంది.

నేను బయటపడింది కస్తూర్బా బడి వల్ల. మధ్యలో మానేసిన ఆడపిల్లల కోసం పెట్టిన రెసిడెన్షియల్ స్కూల్ అది. మా అమ్మను ఒప్పించిన టీచరమ్మ మా ఇంటి గడపలో కూర్చుని, "మీ పిల్ల కూలి నాకు చెప్పు, నేనిస్తా" అని అడిగింది. అమ్మకు సిగ్గేసి పంపింది.

బోయపల్లి_కుర్రాడు

చదువుతూ ఫాలో అవుతున్నా. మంచి చర్చ.

నల్లగొండ_రిటైర్డ్_హెచ్ఎం

30 రోజుల రూలు చదివి నవ్వొచ్చింది. క్షమించాలి, ఎగతాళి కాదు. వరుసగా 30 రోజులు రాకపోతేనే కదా రిపోర్టు. మధ్యాహ్నం వచ్చి అన్నం తిన్న పిల్లకు హాజరు వేస్తే ఆ 30 ఎప్పటికీ పూర్తి కాదు. హాజరు తగ్గితే పైనుంచి మెమో, భోజనం లెక్క తగ్గితే వంట ఏజెన్సీ వాళ్లతో గొడవ, టీచర్ పోస్టు ఎత్తేస్తారేమోనని భయం. అందుకే అందరూ వేస్తారు. చట్టానికి అడ్డుపడుతున్నది ఆర్గనైజర్ ఒక్కడే కాదు, హాజరు వేసే మన ఎర్ర ఇంకు కూడా.

మాస్టారుకు నా సలహా: పొద్దున హాజరు, మధ్యాహ్నం హాజరు విడివిడిగా వేయండి. పొద్దున లేని పిల్లకు పొద్దున లేదనే రాయండి. అన్నం మాత్రం అందరికీ పెట్టండి. హాజరు లేదని కంచం లాక్కునే హక్కు ఎవరికీ లేదు.

నడిగడ్డ_మాస్టారు

సార్, ఎర్ర ఇంకు మాట నాకు సూటిగా తగిలింది. పొద్దున మధ్యాహ్నం విడివిడిగా వేయడం రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. వకీలు గారూ, రిపోర్టు రాస్తే జైలుకు పోయేది ఆ తల్లిదండ్రులేనా? అదే అయితే నా చేయి ఆడదు.

కందనూలు_వకీలు

కాదు. పనిలో పెట్టుకున్నవాడికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంట్ లేకుండా కేసు పెట్టొచ్చు. తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష లేదు. మళ్లీ అదే చేస్తే 10 వేల వరకు జరిమానా, అంతే. చట్టం రాసినవాళ్లు ఈ విషయంలో కాస్త ఆలోచించారనే చెప్పాలి.

ఐజ రైతన్న అడిగిన కంపెనీ సంగతికి నా దగ్గర సగం జవాబే ఉంది. ఆర్గనైజర్ జూన్‌లోనే ఇంటికి అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా పిల్ల తన చేనుకే రావాలని కట్టేస్తే, అక్కడ రెండు పెద్ద చట్టాలు వచ్చి కూర్చుంటాయి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఒకటి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 79వ సెక్షన్ ఇంకొకటి. పిల్లల్ని పనికి కట్టిపడేసినా, వాళ్ల కూలి నొక్కేసినా ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఈ చట్టంలో పిల్లలంటే 18 ఏళ్ల లోపు అందరూ. 14 దాటిందన్న సాకు చెల్లదు. అడ్వాన్సు ఎవరిచ్చారో రాతలో దొరికితే, కేసు రైతును దాటి పైకి పోతుంది. దొరకనివ్వరు, అది వేరే సంగతి.

కోస్గి_వలస_బిడ్డ

మీ గద్వాల వైపు నడిగడ్డలో పిల్లలు చేనుకు పోతే, మా నారాయణపేట వైపు ఏకంగా రాష్ట్రమే దాటిపోతారు. అమ్మానాన్న ముంబైకో పుణెకో పనికి పోతే వెనకాలే మేమూ. నేను మూడు బళ్లలో చదివాను, ఒక్కదాంట్లోనూ సంవత్సరం నిండలేదు. తిరిగొచ్చాక మా తమ్ముడిని ఒక బడిలో "టీసీ లేదు, పుట్టినతేదీ కాగితం లేదు" అని నెల రోజులు తిప్పారు. అప్పటికి మాకెవరికీ తెలియదు, అది చట్టం ఒప్పుకోదని.

ఇది చదివే తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోండి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడ్డ పాఠాలకు ప్రత్యేకంగా చెప్పాలి. పన్నెండేళ్ల పిల్లను రెండో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది, మా ఊర్లో చాలామంది అలా పోయినవాళ్లే.

వలస పోయేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెడతారు. అవి దసరా తర్వాత వలస బండి కదిలేలోపు తెరవాలి. పిల్లలు వెళ్లిపోయాక తెరిస్తే తాళానికి తప్ప ఎవరికి లాభం?

దేవరకొండ_సూపర్‌వైజర్

నమస్తే అండీ. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్‌లో పనిచేస్తాను. దేవరకొండ అనగానే అందరికీ తండాల్లో పసికందుల అమ్మకాల పాత వార్తలే గుర్తొస్తాయి, అది నాకు కష్టంగా ఉంటుంది. ఇప్పటికీ చెప్పవలసి వస్తోంది కాబట్టి చెబుతున్నా: బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు జైలు. పెంచుకోలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తారు. ఎవరూ ఆమెను నేరస్తురాలిగా చూడకూడదు.

నేను రాయాలనుకున్నది పెళ్లిళ్ల గురించి. క్రాసింగ్‌కు పోయిన పిల్ల మళ్లీ బడికి రాదు, బడికి రాని పిల్లకు మరుసటి మాఘమాసంలో సంబంధం చూస్తారు. నా సెక్టార్లో నేను చూసిన వరుస ఇది. "ఖాళీగా ఉంది కదా" అంటారు, చేనులో పొద్దంతా పనిచేసే పిల్లను పట్టుకుని!

బోయపల్లి_కుర్రాడు

మేడం, కల్యాణలక్ష్మి వచ్చాక బాల్యవివాహాలు తగ్గాయి కదా? పెళ్లికూతురికి 18 నిండితేనే కదా ప్రభుత్వం పెళ్లి సాయం డబ్బులు ఇచ్చేది.

దేవరకొండ_సూపర్‌వైజర్

ఆ 18 నిబంధన వల్ల కొందరు ఆగారు, అది నిజమే. 2014 అక్టోబర్ 2న మొదలైనప్పుడు 51 వేలు, ఇప్పుడు 1,00,116. పేద ఇంట్లో అది చిన్న మాట కాదు, తల్లులు లెక్క వేసుకుంటారు.

కానీ తెలివి కూడా పెరిగింది తమ్ముడూ. పదహారేళ్లకు గుడిలో చడీచప్పుడు లేకుండా పెళ్లి కానిస్తారు. 18 నిండాక ఇంకో శుభలేఖ అచ్చు వేయించి, పందిట్లో ఫొటో దిగి, దరఖాస్తు పెడతారు. ఒకసారి విచారణకు వెళ్తే శుభలేఖ ఇంకా ప్రెస్సు వాసన కొడుతోంది, పెళ్లికూతురి చంకలో పాప. నేనేం రాయాలి ఫారంలో?

పెళ్లికి ముందే తెలిస్తే మాత్రం చేతిలో చాలా ఉంది. 2006 చట్టం ప్రకారం బాల్యవివాహ నిషేధ అధికారులు ఉంటారు, మా పైఅధికారి సీడీపీఓ మేడం అలాంటి అధికారే. మేజిస్ట్రేటు నుంచి ఆపుదల ఉత్తర్వు తేవచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా తాళి కట్టినా ఆ పెళ్లి చెల్లదు. చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు, దగ్గరుండి ప్రోత్సహించినవాళ్లకు రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. పంతులుగారికి, ఫంక్షన్ హాల్ వాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచుతాం. తల్లిదండ్రుల కంటే వాళ్లే ముందు భయపడతారు.

మల్దకల్_నర్స్

పెళ్లయిపోయిన పిల్లల సంగతో? మా ప్రైమరీ హెల్త్ సెంటర్‌కు పదహారేళ్ల గర్భిణులు వస్తారు. వయసు 19 అని రాయమని అత్తగారు బతిమాలుతుంది.

కందనూలు_వకీలు

పిల్ల కావాలనుకుంటే ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. మేజరయ్యాక రెండేళ్లు నిండేలోపు, అంటే ఆడపిల్లకు 20 వచ్చేదాకా పిటిషన్ వేయవచ్చు. పుట్టిన బిడ్డకు వారసత్వంలో ఏ లోటూ రాదు. 2017లో సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది: 18 లోపు భార్య అయినా, భర్త లైంగిక సంబంధం పెట్టుకుంటే అది అత్యాచారమే. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, ఆసుపత్రి సిబ్బందికీ వర్తిస్తుంది. మీకు ఇది ఎంత ఇబ్బందో నాకు తెలుసు. కేసు అవుతుందని భయపడి ఆ పిల్ల ఆసుపత్రికే రాకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఈ చట్టంలో నాకు మింగుడుపడని చోటు అదే. అయినా వయసు మార్చి మాత్రం రాయొద్దు.

ఐజ_రైతు

ఇవన్నీ బాగున్నయి. శిక్షలు, జరిమానాలు. ఆ పిల్ల కూలి ఆగిపోతే ఆ ఇంట్ల బియ్యం ఎవరు పోస్తరు? మా పక్కింట్ల మొగోడు చచ్చిపోయిండు, తల్లి ఒక్కతే, ఇద్దరు పోరగాండ్లు. పెద్దది ఎనిమిదో తరగతి, క్రాసింగ్‌కు పోతది. దాన్ని ఆపుమంటే నాకు నోరు రాదు.

దేవరకొండ_సూపర్‌వైజర్

అన్నా, మీరు చెప్పిన ఇల్లు సరిగ్గా స్పాన్సర్‌షిప్‌కు సరిపోతుంది. కేంద్రం మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4 వేలు ఇస్తారు, 18 ఏళ్లు వచ్చేదాకా. భర్త చనిపోయిన, వదిలేసిన తల్లుల పిల్లలకు, అమ్మానాన్న లేక బంధువుల దగ్గర పెరిగేవాళ్లకు, తల్లిదండ్రులు పెద్ద జబ్బుతో ఉన్నవాళ్లకు, బాల కార్మికులుగా దొరికినవాళ్లకు. ఊర్లో అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదు. పిల్ల బడికి పోతూ ఉండాలి. కోటా తక్కువ, ఆలస్యం ఎక్కువ, అది దాచను. కానీ దరఖాస్తే పెట్టని ఇళ్లు ఇంకా ఎక్కువ.

తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, పిల్ల ఆధార్, ఆదాయ పత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, పిల్ల పేరున బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు వెళ్లమనండి. ఆఫీసు కలెక్టరేట్ దగ్గర అడిగితే చెబుతారు.

ఐజ_రైతు

మరణ పత్రం తీసుకోలేదు వాళ్లు. చనిపోయి ఏడాది దాటింది.

కందనూలు_వకీలు

ఏడాది దాటితే ఇదివరకు మేజిస్ట్రేటు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చేది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో వచ్చిన సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, కలెక్టర్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ ఉత్తర్వు ఇస్తే చాలు. ముందు ఆర్డీఓ ఆఫీసులో అడగండి. పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు కాలేదన్న పత్రం తీసుకుని అఫిడవిట్‌తో పెట్టండి. ఆ తల్లికి వితంతు పింఛను రాకపోయినా ఇదే కాగితం పనికొస్తుంది.

నడిగడ్డ_మాస్టారు

రైతన్నా, ఆ పిల్ల మా బడిలోదైతే స్టడీ సర్టిఫికెట్ నేనే రాసిస్తా, పర్సనల్ మెసేజ్ పెట్టండి. సూపర్‌వైజర్ మేడం, మా బడి నుంచి ఇలాంటి ఇళ్ల జాబితా తీసి పంపిస్తాను.

ఇక రిపోర్టు విషయం. నోడల్ అధికారి ఎవరో మండలంలో అడిగితే ఒకరి మీద ఒకరు చెబుతున్నారు. ఎవరి పేరున రాయాలి? నా పేరు ఊర్లో బయటపడుతుందా?

కందనూలు_వకీలు

నోడల్ అధికారులను నియమించేది కలెక్టరే. కాబట్టి "జిల్లా కలెక్టర్ గారికి, బాల కార్మిక చట్టం నోడల్ అధికారి ద్వారా" అని రాయండి, ఎవరో తేల్చుకునే పని వాళ్లది. కాపీలు డీఈఓకు, కార్మిక శాఖకు, బాలల సంక్షేమ కమిటీకి పంపండి. పిల్లల పేర్లు, తరగతి, రాని తేదీలు మాత్రమే రాయండి. ఎవరి చేనో, ఎవరి అడ్వాన్సో మీరు రాయక్కర్లేదు, అది విచారించేవాళ్ల పని. అలా రాస్తే మీది ఫిర్యాదు కాదు, రూలు ప్రకారం పంపిన సమాచారం అవుతుంది. ఊర్లో ఎవరైనా నిలదీస్తే ఇదే చెప్పండి. వెంటనే ఆపాల్సిన పరిస్థితి ఉంటే, ఏ పిల్లనైనా బండెక్కించి రాయచూర్ వైపు తీసుకుపోతున్నారంటే, కాగితం కోసం ఆగకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పేరు చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. కలెక్టరేట్‌లో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మా దగ్గరికి వచ్చే సగం కేసుల్లో కాగితం ఇచ్చామంటారు, ముద్ర ఉండదు.

నల్లగొండ_రిటైర్డ్_హెచ్ఎం

రిజిస్టర్ జిరాక్స్ కూడా జతచేయండి మాస్టారూ. పొద్దున కాలమ్, మధ్యాహ్నం కాలమ్ పక్కపక్కన కనిపించేలా.